తారు రోడ్డు మీద కబడ్డీ

నేను హైదరాబాద్‌లో మొట్టమొదట చూసిన చోటు ఫతే మైదాన్. అప్పుడు హైస్కూల్లో ఉన్నాను. సిద్దిపేట నుంచి మా ఆడపిల్లల కబడ్డీ జట్టును మా ఆటల సార్ ఆర్టీసీ బస్సులో జూబ్లీ బస్టాండ్ దాకా, అక్కడి నుంచి సిటీ బస్సులో మైదానం దాకా తీసుకుపోయారు. మా ఆట మధ్యాహ్నం. పొద్దున పనేమీ లేకపోవడంతో మమ్మల్ని మెట్ల మీద కూర్చోబెట్టి టిఫిన్ డబ్బాలు విప్పమన్నారు. తను మాత్రం కూర్చోలేదు. రెండు చేతులూ నడుముకు పెట్టుకుని పచ్చిక వైపు చూస్తూ నిలబడిపోయారు.

"ఈ జాగకు ఫతే మైదాన్ అని పేరెందుకొచ్చిందో ఎర్కేనా?" అని అడిగారు.

మాకెవరికీ తెలియదు.

"గోల్కొండ కోటను పట్టనీకి ఢిల్లీ ఫౌజు వచ్చింది. నెలలకు నెలలు కోట సుట్టు కూసున్నరు. ఆఖరికి కోట పడిపోయింది. గెల్సినోళ్లు వచ్చి గీడ డేరాలేసుకున్నరు. ఫతే అంటే గెలుపు. గెలుపు వాళ్లది, జాగ మనది. పేరు మాత్రం అట్లనే ఉండిపోయింది."

ఆయన అక్కడితో ఆగలేదు. ఆ మైదానంలో చూసిన ఫుట్‌బాల్ ఆటలన్నీ చెప్పుకొచ్చారు. ఒకప్పుడు దేశం జట్టులో సగం మంది హైదరాబాద్ వాళ్లే ఉండేవారట. మ్యాచ్ ఉన్న రోజు అబిడ్స్ నుంచి జనం నడిచి వచ్చేవారట. టికెట్ దొరకని వాళ్లు బయట చెట్లెక్కేవారట. ఆంధ్రను, తెలంగాణను కలిపి ఒక రాష్ట్రం చేసిన రోజు సభ కూడా అక్కడే పెట్టారని వాళ్ల బాపు చెప్పేవాడట. మేము పులిహోర తింటూ విన్నాం. నాకు ఆ కోటలూ సభలూ పెద్దగా పట్టలేదు. అంత పచ్చగా, అంత చదునుగా ఉన్న నేలను నేను అంతకు ముందు చూడలేదు. దాని మీదే కన్ను ఉంది.

"మరి మీరు ఆడలేదా సార్ ఇక్కడ?" అని అడిగింది మా ఆపా.

సార్ పచ్చిక వైపే చూస్తూ చెప్పారు.

"ఆడేది ఉండె బిడ్డా. నేను సిటీల కాలేజీల సదువుకునేటప్పుడు పెద్ద టీముల నా పేరొచ్చింది. అప్పుడే అరవై తొమ్మిది ఉద్యమం మొదలైంది. కాలేజీలు బంద్. రోడ్ల మీద కాల్పులు. మా బాపు వచ్చి నా రెక్క పట్టుకొని ఇంటికి గుంజుకుపోయిండు. మళ్ల పోయేసరికి ఏడాది గడిచిపోయింది. నా జాగల ఇంకొకడున్నడు." ఆ మాట అని చేతులు దులుపుకున్నారు. "తినుండ్రి, తినుండ్రి. కడుపు నిండ తినకుండ్రి, ఆట ఉంది."

ఆ రోజు మేము ఓడిపోయాం. అయినా తిరుగు బస్సులో ఆపా నా భుజం మీద తల పెట్టుకుని, "చోటీ, ఈ గ్రౌండుల గెలిచేదాక మనం ఆట ఇడువొద్దు," అంది.

ఆపా అంటే నాకు సొంత అక్క కాదు. నాకంటే ఏడాదిన్నర పెద్దది. వాళ్ల నాయిన, నేను చాచా అని పిలిచే ఆయన, పాత బస్టాండ్ దగ్గర పరుపులు కుట్టే దుకాణం నడిపేవాడు. దూది ఏకే మిషన్ చప్పుడుకు ఆ వీధిలో ఎవరైనా గట్టిగానే మాట్లాడాల్సి వచ్చేది. ఆపా గొంతు అందుకే పెద్దదని మా అవ్వ, అంటే మా అమ్మ, అనేది. ఇంట్లో ఉర్దూ, మాతో తెలుగు. తెల్లని సల్వార్ మీద స్కూలు బనీను వేసుకుని గ్రౌండులోకి వచ్చేది. ఎడమ మూల కాపలా ఆమెది. కూతకు వచ్చిన పిల్ల ఒక్క అడుగు ఎక్కువ లోపలికి పెట్టిందంటే చాలు, ఆపా చేతులు ఆ పిల్ల చీలమండ మీద పడేవి. ఒకసారి పట్టాక వదిలేది కాదు. నాది కూతకు వెళ్లే పని. ప్రాక్టీసులో నన్ను ఆపా ఎన్నిసార్లు నేలకేసి కొట్టిందో చెప్పలేను.

వాళ్ల చుట్టాల్లో కొందరికి ఆడపిల్ల బజారులో ఆడడం నచ్చేది కాదు. చాచా వాళ్లకు ఒకటే జవాబు చెప్పేవాడు. "నా బిడ్డ ఎవలిదన్న దొంగతనం జేసిందా? ఆడుతుంది. ఆడనీ." మా ఇంట్లో ఆ గొడవ లేదు. మా బాపు మగ్గం మీద గొల్లభామ చీరలు నేసేవాడు. గిరాకీ తగ్గి, మధ్యలో కొన్నేళ్లు మహారాష్ట్రలోని భీవండి పోయి మరమగ్గాల మీద చేశాడు. ఛాతీ పాడై తిరిగొచ్చాడు. ఆడపిల్ల ఏదో ఒకదానిలో ముందుకు పోతే చాలని ఆయనకు. ఆటల కోటాలో రైల్వేలోనో పోలీసులోనో ఉద్యోగం వస్తుందని సార్ చెప్పిన మాట మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు.

ఇంటర్ అయి డిగ్రీలో చేరేనాటికి ఊరు ఊరంతా తెలంగాణ ఉద్యమంలో ఉంది. పాత బస్టాండ్ దగ్గర రిలే దీక్షల డేరా వేశారు. ఒకరోజు కుమ్మరులు, ఒకరోజు వకీళ్లు, ఒకరోజు ఆటో డ్రైవర్లు కూర్చునేవారు. పద్మశాలీల వంతు వచ్చిన రోజు మా బాపు మెడలో దండ వేసుకుని పొద్దుట నుంచి సాయంత్రం దాకా దగ్గుతూ కూర్చున్నాడు. నేను మంచినీళ్లు తీసుకుపోయాను. నాకు అప్పుడు నమ్మకం ఉండేది. రాష్ట్రం వస్తే బాపు మళ్లీ భీవండి పోనక్కర్లేదని, మా బావుల్లోకి నీళ్లొస్తాయని, మా జాగలో మేమే ఉంటామని. ఇప్పటికీ ఆ నమ్మకాన్ని నేను తప్పు పట్టను.

సకల జనుల సమ్మెకు ముందు వానాకాలంలో మా ఇద్దరి పేర్లూ రాష్ట్ర జూనియర్ జట్టు శిక్షణ శిబిరానికి వచ్చాయి. సార్ అప్పటికి రిటైరయ్యారు. అయినా రోజూ పొద్దున సైకిలు మీద గ్రౌండుకు వచ్చేవారు. ఆ రోజు మాత్రం సైకిలు స్టాండ్ కూడా వేయలేదు, అట్లాగే పడేశారు.

"ఇద్దరియి వచ్చినయ్! క్యాంపు ఫతే మైదాన్‌లనే!" అన్నారు. ఆ వయసులో ఆయన కళ్లలో నీళ్లు చూసి ఏం చేయాలో మాకు తోచలేదు. ఆపా గ్రౌండు చుట్టూ పరుగు పెట్టింది. వయసు లెక్కలో ఆమెకు జూనియర్స్‌లో అదే ఆఖరి ఏడాది.

శిబిరానికి పోయే రోజు దగ్గర పడుతుండగానే సమ్మె మొదలైంది. బస్సులు ఆగిపోయాయి. బడులు, ఆఫీసులు మూతపడ్డాయి. రోడ్ల మీద వంటలు వండి అక్కడే తినేవాళ్లు. సరిగ్గా అప్పుడే మా ఆట సంగతి ఊళ్లో చర్చకొచ్చింది. ఆ జట్టు బనీను మీద ఆంధ్రప్రదేశ్ అని రాసి ఉంటుంది కదా, సిద్దిపేట ఆడపిల్లలు అది తొడుక్కుని ఎట్లా ఆడతారని ఎవరో అన్నారు. ఆ మాట బజారు తిరిగి చాచా దుకాణం దాకా వచ్చింది.

డేరా దగ్గర ముందుండే ఒక అన్న ఉండేవాడు. డిగ్రీ పూర్తి చేసి ఉద్యోగం కోసం చూస్తున్న మనిషి. గడ్డం పెరిగి, కళ్లు లోతుకు పోయి ఉండేవి. ఆ మధ్యే అతని స్నేహితుడొకడు తెలంగాణ కోసమని ఒంటికి నిప్పంటించుకుని చనిపోయాడు. ఆ అన్న ఇద్దరిని వెంటబెట్టుకుని ఒక సాయంత్రం దుకాణానికి వచ్చాడు. నేను అక్కడే ఉన్నాను. చాచా మిషన్ ఆపి వాళ్లకు స్టూళ్లు వేశాడు.

"చెల్లె, మేం ఆట వద్దంటలేం," అన్నాడు అన్న, ఆపాతో. "గని ఆ పేరున్న బనీను తొడిగి మీరు టీవీల కనవడితే మా ముఖం ఏడ వెట్టుకోవాలె? మా దోస్తు కాలిపోయి ఇంక నెల గూడ గాలే."

"మాకు తెల్వదా అన్నా? మేం గూడ ఏడ్చినం," అంది ఆపా. "తెలంగాణ టీము ఏడుందో సూపెట్టు. గా బనీనే తొడుగుత. ఇప్పుడే తొడుగుత. లేదు గదా? ఉన్న టీముల గాక యాడ ఆడాలె?"

అన్న తల దించుకున్నాడు. అతని పక్కనున్న వాడు ఏదో అనబోతే చేత్తో ఆపాడు.

"వచ్చేదాక ఆగొచ్చు గదా," అన్నాడు చివరికి.

"వచ్చేదాక నా వయసు ఆగుతదా?"

చాచా మధ్యలో కల్పించుకున్నాడు. "బాబూ, మేము ఈ ఊళ్లనే పుట్టినం, ఈ మట్టిలనే పోతం. మా బిడ్డ ఊరికి ఎదురు పోయేది గాదు. ఏదన్న తొవ్వ సూపెట్టుండ్రి."

అన్న కాసేపు ఆలోచించాడు. ఎల్లుండి హైదరాబాద్ రోడ్డు మీద ఆటలు పెడుతున్నామని చెప్పాడు. మొగవాళ్లకు వాలీబాల్, ఆడవాళ్లకు కబడ్డీ. లారీలు ఆపేసి రోడ్డు మీదే ఆడతారు, టీవీ వాళ్లు కూడా వస్తారు.

"మీరిద్దరు వచ్చి ఆడుండ్రి. ఊరంత సూస్తది. మీరు మనోళ్లేనని అందరికీ తెలుస్తది. గా తర్వాత మీరేడ ఆడినా ఒక్కడు నోరు తెరవడు. నేను సూస్కుంట."

అతను మోసం చేయాలని అనలేదు. ఆ మాట నేను ఇప్పటికీ గట్టిగా చెప్పగలను. మా కోసం అతను వెతికిన తోవ అది. ఆపా నా వైపు చూసింది. నేను తలూపాను. వాళ్లు వెళ్లాక ఆమె నవ్వింది. "ఇంతేనా? కబడ్డీ ఆడుమంటే ఎవలన్న వద్దంటరా?"

సార్‌కు మాత్రం ఆ సంగతి నచ్చలేదు. "తారు మీద కబడ్డీ ఏంది బిడ్డా? మట్టి ఉండాలె, మట్టి. నేను వచ్చి చెప్తా వాళ్లకు," అన్నారు. ఆయన నిజంగానే డేరా దగ్గరికి వెళ్లారు. గడ్డి పరుస్తామని వాళ్లు మాట ఇచ్చారు.

గడ్డి పరిచారు కూడా. ఊరి బయట రోడ్డుకు అడ్డంగా రెండు ట్రాక్టర్లు పెట్టి, వరిగడ్డి పలచగా చల్లి, ముగ్గుపిండితో గీతలు గీశారు. ఎండ బాగా ఉంది. ఒక పక్క పొయ్యిలు వెలిగించి అన్నం వండుతున్నారు. డప్పులు మోగుతున్నాయి. ఆడవాళ్లు బతుకమ్మ పాటలు మొదలుపెట్టారు. మా అవ్వ కూడా వాళ్లలో ఉంది. నిజం చెప్పాలంటే ఆ పొద్దున నాకు పండుగలా ఉంది. అంత జనం ముందు నేను ఎప్పుడూ ఆడలేదు.

మా ఎదుటి జట్టులో కాలేజీ హాస్టల్ పిల్లలు ఉన్నారు. కొందరు చీర కొంగు బిగించి దిగిన అమ్మలు. వాళ్లు నవ్వుకుంటూ, కింద పడుతూ, లేస్తూ ఆడుతున్నారు. అందరూ అట్లాగే ఆడితే ఏమీ అయ్యేది కాదు. కానీ ఆపాకు ఉత్తుత్తిగా ఆడడం రాదు. గీత లోపల నిలబడగానే ఆమె ముఖం మారిపోయేది. మోకాళ్లు వంచి, చేతులు ముందుకు చాచి, ఎదుటి మనిషి పాదాలు తప్ప ఇంకేమీ చూసేది కాదు.

ధూళిమిట్ట వైపు నుంచి వచ్చిన ఒక హాస్టల్ పిల్ల కూతకు వచ్చింది. పొలం పనులు చేసిన ఒళ్లు, మంచి బలం. ఎడమ మూలకు వచ్చి కాలు చాచింది. ఆపా వంగి చీలమండ పట్టుకుంది. ఆ పిల్ల గీత వైపు గుంజింది. ఆపా వదల్లేదు. మా వాళ్లు నలుగురూ ఒక్కసారిగా మీద పడ్డారు. అంతమంది బరువు కింద ఆపా కాలి కింది గడ్డి జారింది. పాదం తారుకు అంటుకుపోయినట్టు ఒక వైపు ఉండిపోయింది. మోకాలు ఇంకో వైపు తిరిగింది.

ఆమె అరిచింది. నాకు వినపడింది, పక్కనే ఉన్నాను కాబట్టి. మిగతా వాళ్లకు వినపడలేదు. పట్టు దొరికిందని చుట్టూ జనం జై తెలంగాణ అని అరుస్తున్నారు. డప్పులు జోరందుకున్నాయి. కెమెరా పట్టుకున్న మనిషి ముందుకు వంగి, "ఇంకోసారి అనుండ్రి, ఇంకోసారి," అంటున్నాడు. జనం మళ్లీ అరిచారు. నేను మీద పడ్డ వాళ్లను ఒక్కొక్కరిని చేతులు పట్టి లాగుతూ, "లేవుండ్రి, లేవుండ్రి," అని మొత్తుకున్నాను. అందరికంటే ముందు చూసింది సార్. ట్రాక్టర్ దగ్గరి నుంచి ఆ వయసులో ఆయన పరుగెత్తుకు వచ్చారు.

బండ్లన్నీ బంద్. చాచా దుకాణం నుంచి తోపుడు బండి తెచ్చారు. ఎవరి ఇంటి పెళ్లికో కుట్టి పెట్టిన కొత్త పరుపు దాని మీద ఉంది. దాని మీదే ఆపాను పడుకోబెట్టారు. అన్న ముందు నిలబడి బండి లాగాడు. ఆమె రెండు చేతులతో నా చేయి పట్టుకుని, "చోటీ, క్యాంపుకు ఇంక వారం ఉంది గదా, తగ్గుతది గదా," అని దారి పొడవునా అడుగుతూనే ఉంది. తగ్గుతుందని నేనూ చెబుతూనే ఉన్నాను.

దవాఖానలో డాక్టర్ మోకాలు నొక్కి చూసి, అటూ ఇటూ కదిలించి, కట్టు కట్టాడు. "లోపల లిగమెంట్ తెగినట్టుంది. సిటీకి తీస్కపోయి పరీక్ష చేయించుండ్రి," అన్నాడు. సిటీకి పోవడానికి ఆ రోజుల్లో దారేది? పోయినా చేయించడానికి చాచా దగ్గర ఏముంది? వాపు తగ్గాక చూద్దామనుకున్నారు. తర్వాత ఎవరో చెబితే ఎముకల కట్టు కట్టే మనిషి దగ్గరికి తీసుకుపోయారు. అతను నూనె రాసి, వెదురు బద్దలు పెట్టి బిగించాడు.

నేను శిబిరానికి పోనన్నాను. ఆపా ఒప్పుకోలేదు.

"ఇద్దరం ఆగితే ఎవలికి లాభం? నా జాగల గూడ నువ్వే ఆడు," అంది. గోడకు ఆనుకుని కూర్చుని, కట్టు కట్టిన కాలు ముందుకు చాపుకుని ఉంది. "పో. నువ్వు పోకుంటె నేనెందుకు పడ్డట్టు రోడ్డు మీద?"

బస్సులు లేవు కాబట్టి సార్ ఎవరిదో పాత స్కూటర్ అడిగి తెచ్చారు. పొద్దున్నే బయలుదేరాం. అక్కడక్కడ రోడ్డుకు అడ్డంగా చెట్ల కొమ్మలు, రాళ్లు. ఆపిన చోటల్లా సార్ దిగి దండం పెట్టి, పిల్లకు ఆట ఉందని చెప్పేవారు. అందరూ వదిలేశారు. సిటీ దారిలోనే వచ్చే ములుగు ఊరి దగ్గర రోడ్డు మీద వంట జరుగుతోంది. తినకుండా పోనివ్వం అన్నారు. విస్తట్లో వేడి అన్నం, పప్పు పెట్టారు. వడ్డించిన అమ్మ నా సంచి చూసి, "ఏ టీము బిడ్డా నీది?" అని అడిగింది.

నేను సార్ వైపు చూశాను. "మన టీమే తల్లీ," అన్నారు సార్, ముద్ద నోట్లో పెట్టుకుంటూ.

"గెల్చి రా," అని ఆమె నా తల మీద చేయి పెట్టింది.

ఫతే మైదాన్ గేటుకు తాళం వేసి ఉంది. లోపల పచ్చిక మీద వరుసగా డేరాలు. బయటి నుంచి రప్పించిన పోలీసు బలగాలు అక్కడ దిగాయి. గోడల మీద వాళ్ల బట్టలు ఆరేసి ఉన్నాయి. కొందరు చెట్టు కింద గడ్డాలు గీసుకుంటున్నారు. సార్ కటకటాలు పట్టుకుని లోపలికి చూశారు. నేను ఆయన ముఖం చూడలేక పక్కకు తిరిగాను.

కాపలా మనిషి వచ్చి ఏం కావాలని అడిగాడు.

"కబడ్డీ క్యాంపు. ఆడపిల్లలది," అన్నారు సార్.

"గీడ లేదు సాబ్. గొడవలని అటు కోస్తా దిక్కు మార్చిన్రట. పిల్లలంత రైలెక్కి పోయిన్రు. మూడు నాలుగు దినాలాయె."

మాకు ఎవరూ చెప్పలేదు. సార్ ఎదురుగా ఉన్న దుకాణంలో నుంచి తెలిసిన వాళ్లకు ఫోన్ చేశారు. నేను పక్కనే నిలబడి ఆయన మాటలు మాత్రమే విన్నాను. "రారని ఎట్లనుకున్నరు? ... సమ్మె అయితే? ... మేం వచ్చినం గదా, ఇప్పుడు సిటీలనే ఉన్నం ... ఇంకొకల్లను తీస్కున్నరా? ... రెండు జాగలూనా? ... అచ్చా. అచ్చా." ఫోన్ పెట్టేశాక కూడా ఆయన చేయి దాని మీదే ఉంది.

తర్వాత ఫుట్‌పాత్ మీద కూర్చున్నారు. బషీర్‌బాగ్ వైపు ఏదో ఊరేగింపు వెళ్తోంది. కాసేపటికి బాష్పవాయువు ఘాటు మా దాకా వచ్చింది. సార్ జేబురుమాలు తడిపి నా ముఖానికి పెట్టుకోమని ఇచ్చారు. ఆయన కళ్లు మాత్రం తుడుచుకోలేదు.

"చాయ్ తాగుదామా బిడ్డా?" అన్నారు.

"వద్దు సార్."

"అయితే పోదాం పా."

తిరిగి వచ్చేటప్పుడు శామీర్‌పేట దాటాక స్కూటర్ ఆగిపోతే నేను వెనక నుంచి తోశాను. ఇంటికి వచ్చి సంచి మూలన పెట్టగానే అవ్వకు అర్థమైంది. బాపు మగ్గం గుంట నుంచి పైకి రాకుండానే, "పోనీ బిడ్డా. తెలంగాణ వస్తె అన్ని మనయే. మన టీము, మన నౌకర్లు," అన్నాడు. అని దగ్గాడు. ఆ మాటను నేను పట్టుకున్నాను. పట్టుకోవడానికి ఇంకేమీ లేకపోయింది.

సమ్మె ముగిసింది. బస్సులు తిరిగాయి. ఆపాను సిటీకి తీసుకుపోయారు. అప్పటికి ఆలస్యమైంది. ఆపరేషన్ చేయాలన్నారు, ఆ ఖర్చు విని చాచా తిరిగి తీసుకొచ్చేశాడు. కట్టు విప్పాక ఆమె నడిచింది కానీ, నడుస్తుండగా మోకాలు ఉన్నట్టుండి వదిలేసేది. ఎన్నిసార్లు బజారులో పడిపోయిందో. పడినప్పుడు ఎవరైనా లేపబోతే తిట్టేది. తర్వాత తర్వాత తిట్టడం కూడా మానేసింది.

రాష్ట్రం వచ్చింది. ఊరంతా గులాల్ చల్లుకున్నారు. టపాసుల పొగలో ఒకరి ముఖం ఒకరికి కనిపించలేదు. మా బాపు మెడలో మళ్లీ దండ వేశారు. ఆయన చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, సంతోషంతోనే. ఆ సాయంత్రం మిఠాయి పట్టుకుని దుకాణానికి వెళ్తే ఆపా దబ్బనంతో పరుపుకు కుట్లు వేస్తోంది.

"వచ్చిందట గదా," అంది. మిఠాయి నోట్లో వేసుకుని, "తియ్యగుంది," అంది. మళ్లీ కుట్టు మొదలుపెట్టింది.

కొత్త రాష్ట్రం జట్టుకు ఎంపికలు జరిగినప్పుడు నేను వెళ్లాను. జూనియర్స్ వయసు దాటిపోయింది. సీనియర్స్‌లో నా కంటే పైనున్న పిల్లలు చాలా మంది ఉన్నారు. వాళ్లలో మంచి మ్యాట్ల మీద నేర్చుకున్న వాళ్లున్నారు. మొదటి రోజే వెనక్కి పంపారు. బనీను మీద తెలంగాణ అనే పేరు ఉండడం దగ్గరి నుంచి చూశాను. వేరే పిల్లలు వేసుకున్నారు. చాలా బాగుంది ఆ బనీను.

ఒక ఏడాది రాష్ట్రం వచ్చిన రోజు సంబరాల్లో ఆపాను సన్మానానికి పిలిచారు. ఉద్యమంలో గాయపడ్డ క్రీడాకారిణి అన్నారు. స్టేజీ మెట్లు ఎత్తుగా ఉన్నాయి. ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ పెట్టి, నా భుజం పట్టుకుని ఎక్కింది. శాలువా కప్పిన పెద్దమనిషితో మెల్లగా, "నా మోకాలుకు ఆపరేషన్ చేయిస్తరా సార్?" అని అడిగింది. "చూద్దాం తల్లీ, తప్పకుండ," అన్నాడు ఆయన, ఫోటో తీసే మనిషి వైపు చూస్తూ. ఆ తర్వాత చాచా ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరిగాడో ఆయనకే తెలుసు. ఆఖరికి సర్కారు ఆరోగ్య కార్డు మీద ఉచితంగా ఆపరేషన్ అయింది. పడిపోవడం తగ్గింది. మోకాలు మాత్రం పూర్తిగా మడవదు. ముసలివాళ్లు చేసినట్టు కుర్చీలో కూర్చుని నమాజు చేస్తుంది. సంబంధాలకు వచ్చిన వాళ్లు నడక చూసి వెళ్లిపోయారు. ఇప్పుడు ఎవరినీ రానివ్వదు.

సార్ చివరి రోజుల్లో బెజ్జంకిలో కూతురి దగ్గర ఉన్నారు. చూడడానికి వెళ్తే నన్ను గుర్తుపట్టి, "ప్రాక్టీస్ అయిందా?" అని అడిగారు. అయిందన్నాను. ఆ చలికాలంలోనే పోయారు. డేరా అన్నకు ఉద్యోగం రాలేదు. పరీక్షలు రాసీ రాసీ వయసు దాటి, ఆటో నడుపుతున్నాడు. దుకాణం ముందు నుంచి వెళ్లాల్సి వస్తే తల తిప్పుకుని పోతాడు.

నేను ఒక ప్రైవేటు బడిలో ఆటల టీచర్‌ని. ఆ బడికి గ్రౌండు లేదు. నా పీరియడ్ చాలాసార్లు లెక్కల సార్ తీసుకుంటాడు.

మొన్నొక రోజు బడి వదిలాక దుకాణంలో కూర్చున్నాను. వాన పడేట్టుంది. ఆపా పరుపు అంచు మడుస్తోంది. ఎందుకు అడిగానో తెలియదు, "ఆపా, మనం ఆ రోజు రోడ్డు మీదికి పోకుంటె ఎట్లుండు?" అన్నాను.

"అందరు పోయిన్రు గదా. మనం ఎట్ల పోకుంట ఉంటం?" అంది, తల ఎత్తకుండా. "తెలంగాణ రావాల్నని మనకు గూడ ఉండె. వచ్చింది. మంచిగైంది. గని మనకే..."

ఆ మాట పూర్తి చేయలేదు. దారం తెగితే పళ్లతో కొరికి మళ్లీ ఎక్కించబోయింది. సూది బెజ్జం దొరకలేదు. నేను తీసుకుని ఎక్కించి ఇచ్చాను. ఎవరో పాత పరుపు నెత్తిన పెట్టుకుని వచ్చి, దూది తీసి మళ్లీ ఏకి ఇస్తారా అని అడిగారు. వాన పడకముందే ఇవ్వమని ఆపా చేయి చాచింది. మిషన్ మొదలైంది. ఆ చప్పుడులో ఇంకేం మాట్లాడినా వినపడదు. కాసేపు కూర్చుని ఇంటికి వచ్చేశాను.